హెల్ప్ ఫైలులో వరసలు ఎందుకు వంకరపోతాయి?

విమ్ ఎడిటర్‌లో హెల్ప్ అడిగితే ఒక విండో తెరుచుకుంటుంది. అందులో ఉండేది వట్టి టెక్స్ట్ ఫైలు. ఎడమ పక్కన కమాండ్ పేరు, నడుమ వివరణ, కుడి అంచున ఆ అంశాన్ని వెతకడానికి పెట్టిన ట్యాగు. మూడూ నిలువుగా వరసకట్టి ఉంటాయి. టేబుల్ గీతల్లేవు, ఫాంటు మార్పుల్లేవు. వరసలు కట్టే పనంతా ఖాళీ జాగాదే. బ్రామ్ మూలెనార్ 1991లో అమిగా కంప్యూటర్ల కోసం ఈ ఎడిటర్‌ను జనానికి విడుదల చేశారు. ఆయన 2023 ఆగస్టులో కన్నుమూసి క్రిస్టియన్ బ్రబాంట్ ముఖ్య బాధ్యత అందుకున్న తర్వాతా ఈ పద్ధతి మారలేదు.

ఇదే ఫైలును హెల్ప్ కమాండ్‌తో కాకుండా మామూలు ఫైలులా తెరిస్తే, కొందరి కంప్యూటర్లలో వరసలు చెదిరి కనిపిస్తాయి. వివరణ మొదటి లైను కుడికి జరిగి ఉంటుంది, దాని కింది లైను ఎడమకు వచ్చేసి ఉంటుంది. చూసినవాళ్లకు రెండు ప్రశ్నలు వస్తాయి. ఇలా ఎందుకైంది? ఎలా సరిచేయాలి? చాలామంది మొదటి ప్రశ్నను వదిలేసి నేరుగా రెండోదానికి వెళ్తారు. నా అంచనాలో, ఇలాంటి ఫైళ్లలో కనిపించే చెదిరిన ఇండెంట్‌లో సగానికి పైగా అలా వెళ్లినవాళ్లు మంచి మనసుతో చేసిన దిద్దుబాట్ల ఫలితమే. అందుకే ఇక్కడ ‘ఎందుకు’కే ఎక్కువ చోటిస్తున్నాను.

ఖాళీల్లో రకాలేమిటి?

కంప్యూటర్‌కు స్పేస్ ఒక అక్షరం, ట్యాబ్ ఇంకో అక్షరం. ఆస్కీ పట్టికలో స్పేస్ నంబరు 32, ట్యాబ్ నంబరు 9. స్క్రీన్ మీద రెండూ ఖాళీగానే కనిపిస్తాయి. స్పేస్‌కు కొలత ఉంది: ఒక గడి. ట్యాబ్‌కు సొంత కొలత లేదు. ‘తర్వాతి స్టాప్ దగ్గరికి వెళ్లు’ అనే ఆజ్ఞ అది. స్టాప్ ఏడు గడుల అవతల ఉంటే ఏడు, ఒక్క గడి అవతల ఉంటే ఒకటి.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో హయ్యర్ పరీక్షకు కూర్చున్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అంకెల స్టేట్‌మెంట్ టైపు చేసే ముందు మెషీన్ మీద ట్యాబ్ స్టాపులు సెట్ చేసుకోవాలి. ఆ తర్వాత మీట నొక్కితే క్యారేజ్ అక్కడికి దూకి ఆగుతుంది. స్టాపులు ఎక్కడున్నాయన్నది మెషీన్‌లో ఉంది, కాగితం మీద లేదు. కంప్యూటర్ ఫైలుకూ ఇదే వర్తిస్తుంది. ఫైలులో ‘ఇక్కడ ట్యాబ్’ అని మాత్రమే రాసి ఉంటుంది. స్టాపులు ఎంత ఎడంలో ఉన్నాయో తెలిసింది చూపించే ఎడిటర్‌కే.

యూనిక్స్ టెర్మినళ్లలో స్టాపు ప్రతి 8 గడులకు ఒకటి అని స్థిరపడింది. లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లు నేటికీ ట్యాబ్ అంటే 8 గడులనే పట్టుబడతారు. విమ్‌లో కూడా మనం ఏమీ మార్చకపోతే 8 గడులే. కానీ ఇప్పుడు ప్రోగ్రాములు రాసేవాళ్లలో 4 గడులు అలవాటైనవాళ్లు లెక్కలేనంతమంది. పైథాన్ మర్యాద పుస్తకం లాంటి పెప్ 8 కూడా ఇండెంట్‌కు 4 స్పేస్‌లే వాడమంటుంది. కాబట్టి సెట్టింగుల ఫైలులో ట్యాబ్‌స్టాప్‌ను 4 చేసుకోవడం వింతేమీ కాదు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

హెల్ప్‌లో సరిగ్గా, మామూలుగా తెరిస్తే వంకరగా ఎందుకు?

హెల్ప్ విండో తెరిచేటప్పుడు విమ్ మీ సెట్టింగును పక్కనపెట్టి ట్యాబ్‌స్టాప్‌ను 8కి మారుస్తుంది. అందుకే చదివేవాళ్లకు ఇబ్బంది ఉండదు. దిద్దడానికి అదే ఫైలును మామూలుగా తెరిస్తే ఆ రక్షణ ఉండదు. దానికి మందుగా ప్రతి హెల్ప్ ఫైలు ఆఖరి లైనులో మోడ్‌లైన్ అనే చిన్న సూచన ఉంటుంది. లైను వెడల్పు 78, ట్యాబ్‌స్టాప్ 8, ట్యాబ్‌ను స్పేస్‌లుగా మార్చకు, ఇది హెల్ప్ తరహా ఫైలు అని అందులో పొట్టి పేర్లతో రాసి ఉంటుంది. విమ్ దాన్ని చదివి ఆ ఒక్క ఫైలుకు ఆ సెట్టింగులు పెడుతుంది.

అయితే మోడ్‌లైన్ అన్నిచోట్లా పనిచేయదు. ఫైలులో రాసిన మాటను ఎడిటర్ ఆజ్ఞగా తీసుకోవడం ప్రమాదమని డెబియన్ వాళ్లు తమ విమ్‌లో దాన్ని మొదటినుంచే ఆపేసి ఇస్తారు. ఆ భయం ఉత్తది కాదు. 2019లో సరిగ్గా ఈ దారిలోనే ఒక పెద్ద కన్నం బయటపడింది. గుర్తు తెలియనివాళ్లు పంపిన టెక్స్ట్ ఫైలును తెరిస్తే చాలు, అందులోని ఆజ్ఞలు మీ కంప్యూటర్‌లో నడిచే పరిస్థితి. విమ్ 8.1.1365లో దాన్ని పూడ్చారు. రూట్ ఖాతాలో నడిపితే విమ్ తనంతట తానే మోడ్‌లైన్‌ను పట్టించుకోదు.

ఇప్పుడు ఒక నిజమైన ఎంట్రీ తీసుకుని లెక్క చూద్దాం. ఆప్షన్ల హెల్ప్ ఫైలులో ట్యాబ్‌స్టాప్ గురించే ఉన్న చోటు. లైను మొదట్లో ఆప్షన్ పూర్తి పేరు కోట్స్‌లో ఉంటుంది. ఇంగ్లిషులో 7 అక్షరాలు, రెండు కోట్స్, మొత్తం 9 గడులు. తర్వాత ఒక స్పేస్. ఆపైన పొట్టి పేరు కోట్స్‌తో 4 గడులు. ఇంతవరకు 14. అక్కడ రెండు ట్యాబ్‌లు, తర్వాత వివరణ. దాని కింది లైను మూడు ట్యాబ్‌లతో మొదలవుతుంది.

ట్యాబ్‌స్టాప్ 8 అయితే పై లైను 14 నుంచి 16కు, 16 నుంచి 24కు దూకుతుంది. కింది లైను మూడు ఎనిమిదులు, అదీ 24. రెండూ కలిశాయి. ట్యాబ్‌స్టాప్ 4 అయితే పై లైను 14 నుంచి 16కు, అక్కడి నుంచి 20కు చేరుతుంది. కింది లైను మూడు నాలుగులు, 12 దగ్గరే ఆగిపోతుంది. రెంటికీ మధ్య 8 గడుల తేడా.

చూసినవాళ్లకు కింది లైను వెనకబడినట్టే ఉంటుంది. పాపం, ఇంకో రెండు ట్యాబ్‌లు కొడతారు. ఇప్పుడు ఐదు నాలుగులు 20. తమ స్క్రీన్ మీద చక్కగా కలిసింది. సేవ్ చేసి పంపిస్తారు. హెల్ప్ విండోలో చదివే తక్కినవాళ్లందరికీ ఆ లైను ఐదు ఎనిమిదులు 40 దగ్గర మొదలవుతుంది. ఫైలులో అంతకుముందు తప్పే లేదు. తప్పు ఆ కంప్యూటర్‌లోని సెట్టింగులో ఉంది. దిద్దుబాటుతో అది ఫైలులోకి వచ్చి కూర్చుంది.

ఇంకో దారి కూడా ఉంది. ట్యాబ్ మీట నొక్కినా స్పేస్‌లే పడేలా ఎక్స్‌పాండ్‌ట్యాబ్ పెట్టుకున్నవాళ్లు నాలుగు లైన్లు కొత్తగా రాస్తారు. వాళ్లకు, హెల్ప్ చదివేవాళ్లకు ఎవరికీ తేడా కనిపించదు. 4 గడులు పెట్టుకున్న మూడో వ్యక్తి తెరిచినప్పుడు పాత లైన్లు కుంచించుకుపోయి, కొత్త లైన్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అప్పుడు ఆయన ఏ లైన్లు దిద్దుతాడో ఆయన ఇష్టం. టెర్మినల్‌లో కనిపించినదాన్ని మౌస్‌తో కాపీ చేసి ఫైలులో అతికించినా ఇదే గతి. అక్కడ ట్యాబ్‌లు తరచూ స్పేస్‌లుగానే వస్తాయి.

అయితే ట్యాబ్‌లన్నీ తీసేసి స్పేస్‌లు పెట్టేస్తే పోదా?

చాలామంది ఇచ్చే సలహా ఇదే. పైథాన్ ఫైలుకైతే నేనూ అదే చెబుతాను. విమ్ హెల్ప్ ఫైలుకు మాత్రం చెప్పను. దానికి కారణం ఈ ఫైళ్లకే ప్రత్యేకమైనది, పెద్దగా ఎవరూ చెప్పనిది.

హెల్ప్ విండోలో లింకులు రంగులో కనిపిస్తాయి. ఫైలులో వాటికి ఇరుపక్కలా నిలువు గీతలు ఉంటాయి. ట్యాగులకు ఇరుపక్కలా నక్షత్రం గుర్తులు. చదివేవాళ్లకు ఆ గుర్తులు అడ్డమని విమ్ వాటిని దాచేస్తుంది. పాత రోజుల్లో దాచడమంటే ఆ గుర్తులను బ్యాక్‌గ్రౌండ్ రంగులో గీయడం. కనిపించకపోయినా జాగా మాత్రం ఆక్రమించేవి. 2010లో వచ్చిన 7.3 నుంచి వాటిని నిజంగానే మాయం చేసే సౌకర్యం వచ్చింది. గుర్తుతోపాటు అది ఆక్రమించిన గడి కూడా పోతుంది.

రీట్యాబ్ అనే కమాండ్ లింకు తీసుకోండి. ఇంగ్లిషులో ఆ పేరుకు, ముందుండే కోలన్‌తో కలిపి 6 అక్షరాలు. గీతలతో కలిపి ఫైలులో 8 గడులు, హెల్ప్ చదివేవాళ్ల స్క్రీన్ మీద 6. దాని తర్వాత వివరణ 16వ గడి దాటాక మొదలవ్వాలి. స్పేస్‌లతో చేస్తే 8 పెట్టాలి. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు, ఫైలులో సరిపోయింది. కానీ గీతలు మాయమయ్యాక ఆ లైనులోని వివరణ 14 దగ్గరికి జరిగిపోతుంది. లింకు లేని పక్క లైను 16 దగ్గరే ఉంటుంది. వరస తప్పింది.

అదే ట్యాబ్‌లతో చేస్తే? ఇక్కడ విమ్ రాసినవాళ్లు ముందుచూపు చూపించారు. దాచిన గుర్తుల తర్వాత ట్యాబ్ వస్తే, మాయమైన గడులను ఆ ట్యాబ్ తనలో కలుపుకుంటుంది. అవసరమైతే తన మామూలు వెడల్పు కంటే ఎక్కువే సాగుతుంది. గుర్తులు దాచినా, చూపించినా ట్యాబ్ తర్వాతి మాట ఒకే గడిలో నిలవాలన్నది ఉద్దేశం. విమ్ సోర్స్ కోడ్‌లో ఆ చోట ఈ సంగతి వివరంగా రాసిపెట్టారు. స్పేస్‌కు ఈ వెసులుబాటు లేదు.

కాబట్టి హెల్ప్ ఫైలులో లైను మొదట్లోని ఖాళీ ఏదైనా పెద్ద నష్టం లేదు. లింకు తర్వాతో ట్యాగు తర్వాతో వచ్చే ఖాళీ మాత్రం ట్యాబ్ అయితేనే వరస నిలుస్తుంది. ప్లగిన్‌లు రాసే చాలామంది తమ హెల్ప్ ఫైళ్లను పూర్తిగా స్పేస్‌లతోనే నడిపిస్తారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, లింకులున్న పట్టికలు రాయనంత కాలం.

ఉదాహరణల చుట్టూ ఉన్న కోణం గుర్తులకూ ఇండెంట్‌కూ సంబంధమేమిటి?

ఇక్కడ ఇండెంట్ అందం కోసం కాదు, అర్థం కోసం. హెల్ప్ ఫైలులో కమాండ్ల ఉదాహరణ ఇవ్వాలంటే దానికి ముందు లైను చివర > గుర్తు పెడతారు. ఉదాహరణ ముగిశాక వచ్చే లైను మొదట్లో < పెడతారు. నడుమ ఉన్న లైన్లు వేరే రంగులో, ఉదాహరణగా కనిపిస్తాయి. ముగింపు గుర్తు పెట్టకపోయినా, ఏ లైనైనా మొట్టమొదటి గడి నుంచే అక్షరంతో మొదలైతే ఉదాహరణ అక్కడితో ముగిసినట్టే లెక్క. అంటే ఉదాహరణలోని ఒక లైనుకు ముందున్న ఖాళీని ఎవరైనా శుభ్రం చేశారో, దాని తర్వాతి కమాండ్లన్నీ మామూలు వచనంగా మారిపోతాయి.

ఖాళీకి ఇలా వ్యాకరణం అంటగట్టడం విమ్‌తో మొదలవలేదు. స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో మేక్ అనే ప్రోగ్రామును రాసినప్పుడు కమాండ్ లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలని పెట్టారు. అది బాగాలేదని అర్థమయ్యేసరికి ఓ డజను మంది వాడుకరులు తయారయ్యారట, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక అలాగే ఉంచేశారు. ఆ డజను మంది కోసం పడిన మొహమాటాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా మోస్తోంది. పైథాన్ 3 అయితే ట్యాబ్‌లనూ స్పేస్‌లనూ అర్థం మారేలా కలిపితే ప్రోగ్రామును నడపనే నడపదు.

మళ్లీ మన < దగ్గరికి వద్దాం. ఫైలులో సాధారణంగా ఆ గుర్తు వెంటనే ట్యాబ్, తర్వాత వచనం ఉంటాయి. గుర్తు ఒక గడి తీసుకుంటుంది. ట్యాబ్ మిగిలిన ఏడు దాటించి 8 దగ్గర నిలబెడుతుంది. ‘ఒక ట్యాబ్ అంటే 8 స్పేస్‌లు’ అనుకుని ఎవరో వెతికి మార్చే కమాండ్‌తో ట్యాబ్‌లన్నిటినీ ఎనిమిదేసి స్పేస్‌లు చేస్తే, ఫైలులో ఆ వచనం 9 దగ్గరికి పోతుంది. హెల్ప్ విండోలో గుర్తు మాయమవుతుంది కాబట్టి అక్కడ మాత్రం 8 దగ్గరే, సవ్యంగా కనిపిస్తుంది! లెక్కగా చేసి 7 స్పేస్‌లే పెట్టారనుకోండి. ఫైలులో కుదురుతుంది, విండోలో ఒక గడి తగ్గుతుంది. రెండుచోట్లా కుదిరేది ట్యాబ్ ఒక్కటే.

సరే, నిజంగానే చెదిరిన ఫైలు చేతికొచ్చింది. ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఫైలును దాని సొంత కళ్లద్దాలతో చూడాలి. మోడ్‌లైన్ పనిచేయకపోతే చేత్తోనే ట్యాబ్‌స్టాప్ 8 పెట్టండి, ఎక్స్‌పాండ్‌ట్యాబ్ తీసేయండి. ఈ ఒక్క పనితోనే చాలాసార్లు ‘తప్పు’ మాయమవుతుంది. అలా మాయమైతే ఫైలు బాగానే ఉందని అర్థం. మూసేసి వేరే పని చూసుకోవచ్చు.

ఇంకా వంకర మిగిలితే, దాగినవాటిని బయటికి రప్పించాలి. లిస్ట్ అనే ఆప్షన్ పెడితే ప్రతి ట్యాబూ గొడుగు గుర్తు పక్కన ఇంగ్లిషు ఐ అక్షరంగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే వరసలు అర్థం కావు అనుకుంటే, లిస్ట్‌చార్స్ ఆప్షన్‌లో ట్యాబ్‌కు బాణం లాంటి గుర్తు ఇవ్వండి. వెడల్పు నిలబడుతుంది, ట్యాబూ కనిపిస్తుంది. కన్సీల్‌లెవల్‌ను సున్నా చేస్తే దాచిన గీతలు, నక్షత్రాలు వస్తాయి. విమ్ బయట చూడాలంటే లినక్స్‌లో క్యాట్ కమాండ్‌కు పెద్ద ఏ ఆప్షన్ ఇస్తే ట్యాబ్‌లు బయటపడతాయి.

తర్వాత ఒక స్పేస్, దాని వెంటనే ట్యాబ్ ఉన్న చోట్లు వెతకండి. ట్యాబ్‌కు ముందు స్పేస్ ఉండటమంటే దాదాపు ఎప్పుడూ ఎవరో మీద మీద దిద్దిన జాడే. లైను మొదటి ఇండెంట్‌లో ఉంటే గిట్ కూడా దీన్ని తప్పుగానే పరిగణిస్తుంది. డిఫ్ కమాండ్‌కు చెక్ ఆప్షన్ ఇస్తే, మనం ఏమీ సెట్ చేయకపోయినా, మీ మార్పులో అలాంటి లైన్లేమైనా ఉంటే పట్టి చూపిస్తుంది. లైను చివర మిగిలిపోయిన స్పేస్‌లను కూడా చెబుతుంది.

ఇప్పుడు రీట్యాబ్. ఈ కమాండ్‌ను చాలామంది ‘ఇండెంట్ బాగుచేసే కమాండ్’ అనుకుంటారు. అది చేసేది వేరు. స్క్రీన్ మీద ఇప్పుడు కనిపిస్తున్న రూపం చెడకుండా, కింద ఉన్న ఖాళీని కొత్త కొలతతో తిరగరాస్తుంది. కనుక దాన్ని వాడే ముందు, ఆ లైన్లు రాసినవాళ్ల స్క్రీన్ మీద కనిపించిన రూపం మీకూ కనిపించాలి. ఉదాహరణకు ఒక భాగం మొత్తం ట్యాబ్‌స్టాప్ 4తో రాసినట్టు తేలింది. 4 పెట్టగానే ఆ భాగం కుదురుకుంటుంది, తక్కిన ఫైలు చెదురుతుంది. అప్పుడు ఆ భాగాన్నే సెలెక్ట్ చేసి, ఆశ్చర్యార్థకంతో సహా రీట్యాబ్ 8 ఇవ్వండి. ఆ లైన్లు ఉన్నచోటే ఉండి కొత్త కొలతకు మారతాయి. ట్యాబ్‌స్టాప్ కూడా 8 అవుతుంది. వాటితోపాటు తక్కిన ఫైలూ కుదురుకుంటుంది.

ఆశ్చర్యార్థకం లేకపోతే కనీసం ఒక ట్యాబ్ ఉన్న ఖాళీలనే ముట్టుకుంటుంది. పెడితే వట్టి స్పేస్‌ల వరసలను కూడా వీలున్నచోట ట్యాబ్‌లు చేస్తుంది. అందుకే దాన్ని ఫైలు మొత్తం మీద వదలకూడదు. విమ్ హెల్ప్‌లో వాక్యం చివరి చుక్క తర్వాత రెండు స్పేస్‌లు పెట్టడం ఆనవాయితీ. ఆ రెండు స్పేస్‌లు సరిగ్గా స్టాపు దగ్గర పడితే వాక్యం నడుమ ట్యాబ్ పుట్టుకొస్తుంది. ఈరోజు కనిపించదు. రేపు ఎవరో అదే పేరాలో ఒక మాట కలిపితే వాక్యాల మధ్య పెద్ద గొయ్యి ఏర్పడుతుంది. ఉదాహరణల్లో కోట్స్ లోపలి ట్యాబ్‌లనూ రీట్యాబ్ వదలదు. అక్కడ ట్యాబ్ ఉండటమే విషయమైతే ఉదాహరణ అబద్ధమైపోతుంది.

ఇందాకటి 24, 40 కేసును ఏ కమాండూ బాగుచేయలేదు. 4 పెట్టి రీట్యాబ్ చేస్తే ఐదు ట్యాబ్‌ల లైను 20 దగ్గర, రెండు ట్యాబ్‌లు నాలుగు స్పేస్‌లతో నిలుస్తుంది. కావలసింది 24. దిద్దినవాళ్లు తప్పుగా కనిపించిన లైనును చూసి కలిపారు కాబట్టి వాళ్ల రూపాన్ని నిలబెట్టి లాభం లేదు. పై లైను చూసి, రెండు ట్యాబ్‌లు చేత్తో చెరిపేయడమే. ఇలాంటివి వరసగా పది కనిపించినా సరే, ఒక్కోటీ చూసి చేయమంటాను. మీ సెట్టింగుల్లో ఎక్స్‌పాండ్‌ట్యాబ్ ఉండి అసలు ట్యాబ్ కొట్టాల్సివస్తే, ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్, వి నొక్కి ఆ తర్వాత ట్యాబ్ నొక్కండి.

చేసింది సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

గిట్ డిఫ్‌ను ఖాళీల తేడా పట్టించుకోవద్దని చెప్పి నడపండి. చిన్న డబ్ల్యూ ఆప్షన్ అదే. ఖాళీలే మార్చి ఉంటే ఫలితం శూన్యంగా రావాలి. ఒక్క లైను వచ్చినా మాటేదో మారిందన్నమాట. తర్వాత హెల్ప్‌ట్యాగ్స్ కమాండ్‌తో ట్యాగుల జాబితా మళ్లీ కట్టించండి. నక్షత్రాల గుర్తు పక్కన ఖాళీ లేకుండా పోతే ఆ ట్యాగు జాబితాలోంచి జారిపోతుంది. చివరగా ఆ పేజీని హెల్ప్ కమాండ్‌తోనే తెరిచి చూడాలి, ఎందుకంటే చదివేవాళ్లు చూసేది దాన్నే.

మామూలు డిఫ్ చూసి మాత్రం వరసల గురించి తీర్పు చెప్పకండి. డిఫ్‌లో ప్రతి లైను ముందూ ప్లస్సో మైనస్సో ఖాళీయో ఒక గడి చేరుతుంది. 8 స్పేస్‌లతో మొదలైన లైను ఆ గడితో 9కి జరుగుతుంది. ట్యాబ్‌తో మొదలైన లైను ఆ గడిని మింగేసి 8 దగ్గరే ఉంటుంది. ఫైలులో కలిసే ఉన్న రెండు లైన్లు డిఫ్‌లో విడిపోయినట్టు కనిపిస్తాయి. పరిశీలించేవాళ్లు ‘ఇండెంట్ సరిగ్గా లేదు’ అని వెనక్కి పంపడం, రాసినవాళ్లు లేని తప్పును దిద్దడం, ఇలా కొత్త కథ మొదలవుతుంది.

మాటల మార్పులతో కలిపి పంపొచ్చా?

వద్దు. ఇండెంట్ ఒక కమిట్, మాటలు ఇంకో కమిట్. ఏ లైను ఎవరు ఎందుకు మార్చారో గిట్ బ్లేమ్‌తో వెతికేవాళ్లకు మీ ఖాళీల కమిట్ అడ్డుగోడ అవుతుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఫలానా కమిట్లను లెక్కలోకి తీసుకోవద్దని బ్లేమ్‌కు ఒక ఫైలు ద్వారా చెప్పొచ్చు. కమిట్ విడిగా ఉంటేనే ఆ సౌకర్యం అక్కరకొస్తుంది. అనువాదకుల సంగతి కూడా ఉంది. విమ్ హెల్ప్‌కు జపనీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, రష్యన్ వంటి భాషల్లో అనువాదాలున్నాయి. మూలంలో ఏం మారిందో చూసుకుంటూ అనువాదాన్ని నవీకరించేవాళ్లకు, మూడొందల లైన్ల ఖాళీల మార్పులో మునిగిన రెండు మాటల మార్పు దొరకడం కష్టం.

మళ్లీ చెదరకుండా చూడాలంటే ఫైలులో మోడ్‌లైన్ ఉంచండి, ప్రాజెక్టులో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు కూడా పెట్టండి. హెల్ప్ ఫైళ్లకు ట్యాబ్, వెడల్పు 8 అని అందులో రాస్తే, ఆ ఫైలును చదివే ఏ ఎడిటర్‌లోనైనా, మోడ్‌లైన్ ఆపేసి ఉన్నా, పనిచేస్తుంది. నియోవిమ్ 0.9 నుంచి దాన్ని తనంతట తానే చదువుతుంది.

తెలుగులో హెల్ప్ రాస్తే ఈ వరసలు నిలుస్తాయా?

లైను మొదటి ఇండెంట్‌కు ఏమీ కాదు. తెలుగు మాట తర్వాత వచ్చే వరసలకే ముప్పు. ‘స్త్రీ’ చూడండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఇది ఎన్ని గడులన్నది ఎడిటర్ ఒకలా, టెర్మినల్ ఒకలా, ఫాంటు ఇంకోలా లెక్కేస్తాయి. ముగ్గురికీ లెక్క కుదరనప్పుడు ట్యాబ్ పెట్టినా స్పేస్ పెట్టినా వరస నిలవదు. నేనైతే పేరు ఎడమ, వివరణ కుడి అనే పట్టిక పద్ధతే మానేసి, పేరు ఒక లైనులో, వివరణ కింది లైనులో ఇండెంట్‌తో రాయమంటాను. కమాండ్ పేర్లు ఎలాగూ ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి, అవి ఎడమ వరసలో ఉన్నంతవరకు రెండు వరసల పట్టికకూ ఢోకా లేదు. మూడో వరస జోలికి మాత్రం పోవద్దు.

ఆ ప్రయత్నం చేసేవాళ్ల కోసం ఒక చిన్న తమాషా. విమ్‌లో అనువదించిన హెల్ప్ ఫైలు పేరు చివర భాష రెండక్షరాల కోడ్, దాని పక్కన ఎక్స్ రావాలి. ఇటాలియన్‌కు ఐ, టి, ఎక్స్. తెలుగు కోడ్ టి, ఇ. పక్కన ఎక్స్ చేర్చండి. గణిత పుస్తకాలు కూర్చే టెక్ డాక్యుమెంట్ల ఎక్స్‌టెన్షన్ వచ్చేసింది! హెల్ప్ కమాండ్‌తో తెరిస్తే ఇబ్బంది లేదు. దిద్దడానికి మామూలుగా తెరిస్తే విమ్ దాన్ని టెక్ ఫైలు అనుకుని రంగులు వేసేస్తుంది. ఇది హెల్ప్ తరహా ఫైలు అని ఆఖరి లైనులో మోడ్‌లైన్ రాసుకోండి. డెబియన్ లాంటి చోట్ల మోడ్‌లైన్ ఆప్షన్‌ను ముందుగా మీరే ఆన్ చేసుకోవాల్సి ఉంటుంది.